పరుగెత్తువారికి పొడులు, మాత్రలు ఉపకరించునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలో పుస్తకములను గూర్చి గాక పరుగును గూర్చి మాటలాడుట యేమని కొందరికి తోచవచ్చును. ఈ విషయమును నిర్ణయించినవారు కార్యదర్శిగారు. వారు నిర్ణయించుటకు కారణము కలదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ పఠనమందిరమునకు వార్తాపత్రికకొరకును నవలలకొరకును వచ్చుచుండిరి. నేడు వచ్చువారిలో పెక్కుమంది పోటీపరీక్షలకు చదువుకొను పిల్లలు. పగలెల్ల ఇక్కడ చదివి, తెల్లవారుజామున కాలువగట్టుమీద పరుగెత్తువారు వీరే. పోలీసు ఉద్యోగమునకు వ్రాతపరీక్ష యొక్కటే చాలదు గదా! పురుషులు 1600 మీటర్ల పరుగును నియమిత కాలములో ముగింపవలయును. కొన్ని సెకనులు మించినచో ఏండ్ల చదువు ప్రక్కన పడును. అట్టి స్థితిలో నున్న పిల్లవానికి ఒక డబ్బా చూపి, "ఇది త్రాగినచో పది సెకనులు తగ్గును" అని ఎవడైనను చెప్పినచో వాడు కొనక యెట్లుండును? తల్లి పాలు పోసి కూడబెట్టిన సొమ్ము, తండ్రి కూలిసొమ్ము ఆ డబ్బాలకు పోవుచున్నవి. సప్లిమెంట్లని అంగడివారు పిలుచు ఈ అనుబంధాహారములు నిజముగా పరుగునకు తోడ్పడునా, తోడ్పడినచో ఎవరికి, ఎంత, అనునది నేటి ప్రసంగ విషయము.

నేను వైద్యుడను కాను. చాల ఏండ్లు వ్యాయామోపాధ్యాయుడనుగా పనిచేసి, ఈ విషయమై పరిశోధకులు ప్రకటించినదానిని శ్రద్ధతో చదివినవాడను మాత్రమే. ఆ హద్దు నెరిగి మాటలాడెదను.

ఈ ఆశ నేటిది కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జరిగిన ఒలింపిక్ మారథాన్ పరుగులో థామస్ హిక్స్ అనునాతడు దారిలో సొమ్మసిల్లుచుండగా, సహాయకులు అతనికి కోడిగ్రుడ్డు తెల్లసొనతో స్ట్రిక్నీనును, దానిపై బ్రాందీని ఇచ్చిరి. స్ట్రిక్నీను అనగా మన ముష్టిగింజలలో నుండు విషమే. ఇరుప్రక్కల మనుష్యులు పట్టుకొనగా అతడు గమ్యము చేరెను. స్వర్ణపతకమును అతనికే వచ్చెను. (అతనికంటె ముందు వచ్చినవాడు కొంతదూరము మోటారుబండిలో ప్రయాణించెనని తేలి తొలగింపబడెను. ఆ పందెమట్టిది!) పిదప ఆ పందెమును గూర్చి వ్రాసినవారొకరు, మందులు పరుగెత్తువారికి మేలుచేయునని ఇందువలన రుజువైనదనిరి. విషము పుచ్చుకొనియు బ్రదికి గెలిచెనని వ్రాయవలసినచోట, విషమువలన గెలిచెనని వ్రాసిరి. నేడు డబ్బాలమీద కనబడు వాదమును ఇంతే. ఫలానా వీరుడు దీనిని త్రాగెను, గెలిచెను, కావున నీవును త్రాగుము.

ఈ భ్రమను తొలగించుటకు పరిశోధకులు ఒక పద్ధతి నేర్పరచుకొనిరి. కొందరికి అసలు వస్తువును, కొందరికి అదే రంగు, అదే రుచిగల ఉత్త పొడిని ఇత్తురు. ఏది యెవరికి అందినదో ఇచ్చువానికిని తెలియదు, పుచ్చుకొనువానికిని తెలియదు. పందెము ముగిసిన తరువాతనే చీటీలు విప్పి చూతురు. ఇంత జాగ్రత్త ఎందుకనగా, నమ్మకమునకు కూడ కాళ్లుండును. 2006లో కొందరు సైకిలు పందెగాండ్రకు కెఫీను ఇచ్చుచున్నామని నమ్మించి ఉత్త మాత్రలిచ్చిరి. ఎక్కువ మోతాదు పుచ్చుకొంటిమని నమ్మినవారు సుమారు మూడు శాతము ఎక్కువ శక్తితో తొక్కిరి. ఉత్త మాత్రయే పుచ్చుకొంటిమని అనుకొన్నప్పుడు వారే వెనుకబడిరి. కావున "నేను త్రాగినాను మాస్టారూ, తేడా తెలిసినది" అని మన పిల్లవాడు చెప్పినప్పుడు వాడు అబద్ధమాడుట లేదు. ఆ తేడా పొడిలో నున్నదా, వాని మనస్సులో నున్నదా అనునది మాత్రము వాని మాటవలన తేలదు.

ఇట్లు పరీక్షించి చూడగా ఏమి మిగిలినది? 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము తరఫున నిపుణులు ఒక ప్రకటన చేసిరి. అంగడిలో వేలకొలది సరకులున్నను, ఆటలో ప్రత్యక్షముగా సామర్థ్యమును పెంచునని తగిన ఆధారము గలవి ఐదే యని వారు చెప్పిరి. కెఫీను, క్రియాటిను, నైట్రేటు, బీటా-అలనీను, సోడియం బైకార్బొనేటు. ఆ ఐదును అందరికిని, అన్ని పరుగులకును కావు.

ఇందులో క్రియాటినును గూర్చి రెండు మాటలు ఎక్కువ చెప్పుటకు మనకు హక్కు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమున్నదని వెల్లడించిరి. కండరము హఠాత్తుగా బలముగా ముడుచుకొన్నప్పుడు మొదట ఖర్చగు నిలువధనము అదియే. నూరు మీటర్లు పరుగెత్తువాడు ఎక్కువగా ఆ ధనముమీద ఆధారపడును. పది సెకనులు గడచునప్పటికి అది చాలవరకు అయిపోవును. మన శరీరమే కాలేయము, మూత్రపిండముల సాయమున క్రియాటినును కొంత తయారుచేసికొనును. మాంసము, చేపలు తినువారికి కొంత ఆహారమునుండి వచ్చును. నోటిద్వారా పుచ్చుకొనినచో కండరములలో నిలువ పెరుగునని 1992లో తేలెను. శాకాహారులలో మొదటి నిలువ తక్కువ కావున వారిలో పెరుగుదల ఎక్కువగా కనబడును.

అయినను దూరము పరుగెత్తువాడు సంతోషింపవలసిన పని లేదు. క్రియాటిను కండరములో నీటిని నిలుపును. పలువురిలో శరీరపు బరువు కిలోగ్రామువరకు పెరుగును. మరల మరల చిన్న పరుగులు తీయువానికి, బరువులెత్తువానికి ఇది లాభము. 1600 మీటర్లు ఆరేడు నిమిషముల పని. ఆ పరుగంతయు ఒక కిలో అదనపు బరువును మోయుట తప్ప వానికి దానివలన దక్కునది స్వల్పము. సుబ్బారావుగారు కనుగొన్నది ప్రకృతి రహస్యము. డబ్బావాడు అమ్ముచున్నది ఆ రహస్యము తనకు పనికిరాని చోట!

కెఫీను సంగతి వేరు. దానికి ఆధారము గట్టిది. శరీరపు బరువులో కిలోకు మూడునుండి ఆరు మిల్లిగ్రాములు పరుగునకు ఒక గంట ముందు పుచ్చుకొనినచో సగటున రెండు మూడు శాతము మేలు కనబడినది. 2004లో నిషిద్ధ పదార్థముల పట్టికనుండి దీనిని తొలగించిరి. అరువది కిలోల మనిషికి రెండు గట్టి కాఫీలలో సుమారుగా ఆ తక్కువ మోతాదు అందును. దానికి వేల రూపాయల డబ్బా యెందుకు? అయితే కొందరికి దీనివలన గుండెదడ, చేతులవణకు, నిద్రలేమి కలుగును. అలవాటు లేనివాడు ఎంపిక దినమున మొదటిసారి ప్రయోగము చేయరాదు.

నైట్రేటు అనగా బీట్‌రూటు రసము. తోటకూర, పాలకూరలలో కూడ నైట్రేటు సమృద్ధిగా నుండును. నాలుకపై నుండు సూక్ష్మజీవులు దీనిని మార్చుటవలన రక్తనాళములు సడలి, అదే పనికి ప్రాణవాయువు కొంత తక్కువ ఖర్చగును. సూక్ష్మజీవులను చంపు మందునీటితో నోరు పుక్కిలించినచో ఈ ఫలము పోవుననుట విచిత్రము. బాగుగా సాధన చేసిన మేటి పరుగువారిలో ఫలితము తక్కువగా కనబడినది. బీటా-అలనీను వారములకొలది పుచ్చుకొనవలసినది, లాభము కొద్దిది, ఒడలు చిమచిమలాడును.

ఇక సోడియం బైకార్బొనేటు మన వంటసోడాయే. ఒకటి మొదలు పది నిమిషములవరకు సాగు తీవ్రమైన పరుగులో కండరములలో పుట్టు ఆమ్లమును అణచుటకు ఇది సాయపడును. మన 1600 మీటర్ల పరుగు సరిగా ఆ పరిధిలోనే యున్నది. విని వెంటనే వంటింటికి పోవలదు! కిలో బరువునకు రెండు మూడు వందల మిల్లిగ్రాములు వలయును. అనగా అరువది కిలోల మనిషికి పండ్రెండునుండి పదునెనిమిది గ్రాములు. అంత సోడా మ్రింగినవారిలో పలువురికి కడుపు ఉబ్బుట, వాంతి, విరేచనములు కలుగును. రక్తపుపోటు గలవారికి, మూత్రపిండముల వ్యాధి గలవారికి హానికరము. వైద్యుని పర్యవేక్షణ గల క్రీడాకారునికి ఇది పనిముట్టు; వరుసలో నిలువబడి తన సంఖ్య పిలుచుటకై ఎదురుచూచు మన పిల్లవానికి ఆపద.

ఐదింటి కథ ఇది. కాని పరుగునకు అసలు ఇంధనమేదియో చెప్పకుండ పొడుల ముచ్చట ముగింపరాదు. 1924లో బోస్టన్ మారథాన్ ముగిసినవెంటనే వైద్యులు పరుగెత్తినవారి రక్తమును పరీక్షించిరి. మిక్కిలి సొలసినవారి రక్తములో చక్కెర బాగుగా తగ్గియుండెను. మరుసటి యేడు ముందుగా పిండిపదార్థములు తినిపించి, దారిలో మిఠాయి ఇప్పింపగా ఆ దురవస్థ తప్పెను. 1967లో స్వీడన్ పరిశోధకులు మనుష్యులచేత సైకిలు తొక్కించి, కండరపు తునకలను తీసి చూచిరి. క్రొవ్వు, మాంసకృత్తులు మాత్రమే తినినవారికంటె పిండిపదార్థములు తినినవారు దాదాపు మూడు రెట్లు ఎక్కువసేపు తొక్కగలిగిరి. కండరములలో గ్లైకోజెను నిలువయే దీనికి కారణము. 2004లో ప్రకటితమైన ఒక పరిశీలనలో కెన్యా దేశపు మేటి పరుగువీరులు పదిమంది ఒక వారముపాటు తినినదెల్ల తూచి చూడగా, వారి శక్తిలో మూడువంతులకు మించి పిండిపదార్థములనుండియే వచ్చుచుండెను. మాంసకృత్తులు పదింట ఒక వంతు. వారి ముఖ్యాహారము ఉగాలి, అనగా మొక్కజొన్నపిండిని ఉడికించి గట్టిగా కెలికిన ముద్ద. రాయలసీమవారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. రాగిసంగటికి అది మేనత్త బిడ్డ. దానితోపాటు పాలు, చక్కెర దండిగా వేసిన తేనీరు.

గంటన్నరకు మించి సాగు పరుగులో దారిలో చక్కెరపానకము త్రాగుట మేలని దృఢముగా తేలినది. ఆరేడు నిమిషములలో ముగియు పరుగునకు ఆ జిగురు పొట్లములతో పని లేదు. ముందు రాత్రి కడుపునిండ అన్నము తినినవాని కండరములలో 1600 మీటర్లకు కావలసినదానికి ఎన్నో రెట్లు నిలువ యుండును.

మాంసకృత్తుల పొడినిగూర్చి లెక్క వేసి చూతము. దూరపు పరుగు సాధన చేయువానికి దినమునకు కిలో బరువునకు 1.2 నుండి 1.6 గ్రాములు చాలునని సాధారణాభిప్రాయము. అరువది కిలోలవానికి సుమారు 84 గ్రాములనుకొందము. నాలుగువందల గ్రాముల బియ్యములో ముప్పది, డెబ్బదియైదు గ్రాముల కందిపప్పులో పదునారు, గుప్పెడు వేరుసెనగపప్పులో పండ్రెండు, రెండు గ్రుడ్లలో పండ్రెండు, అరలీటరు పాలు పెరుగులలో పదునారు. కూడినచో 86. ఆ డబ్బా విలువతో ఈ గ్రుడ్లు, పప్పు ఎన్ని నెలలకు వచ్చునో మీ యింటి ఆడవారినడిగినచో నోటిలెక్కగా చెప్పుదురు. గ్రుడ్డు తినని ఇంట ఉలవలు, సెనగలు పెంచుకొనవలయును. పందెపుటెద్దులకు ఉలవలు పెట్టి, పందెపు పిల్లవానికి డబ్బా కొనుట మన యూరి వింత. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో కండలు పెంచుటకు ప్రొటీను పొడులు వాడవలదనియే చెప్పినది.

ఇంతవరకు వలదని చెప్పుచునే వచ్చితిని. వలయునని చెప్పవలసినచోటు ఒకటి కలదు. నా ప్రసంగమున నాకు ముఖ్యమైనది అదియే. ఇనుము.

ప్రాణవాయువును కండరములకు మోయునది రక్తములోని హిమోగ్లోబిను. ఇనుము లేనిదే అది తయారు కాదు. పరుగెత్తువారికి ఇనుము ఎక్కువగా వ్యయమగును. పాదము నేలను తాకినప్పుడెల్ల కొన్ని ఎఱ్ఱకణములు చితుకును. చెమటలో కొంత పోవును. తీవ్రమైన సాధన తరువాత కొన్ని గంటలు హెప్సిడిను అను పదార్థము పెరిగి, ఆహారములోని ఇనుమును ప్రేగులు గ్రహింపకుండ అడ్డుపడును. స్త్రీలకు నెలనెల పోవునది వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని తేలెను. అనగా కాలువగట్టుమీద పరుగెత్తు ఆడపిల్లలలో సగముమందికి అది యుండవచ్చును. వారెంత సాధన చేసినను, ఏ పొడి త్రాగినను, బండి సగము నూనెతోనే నడచును.

మూడేండ్ల క్రిందట ఒక బాలిక నావద్ద సాధన చేయుచుండెను. మొదటి రెండు నెలలు ఆమె పరుగు చక్కగా మెరుగుపడెను. తరువాత దినదినమునకు మందగించెను. మెట్లెక్కినను ఆయాసమే. తల్లి భయపడి పట్టణములో ఒక దుకాణమున మూడువేల రూపాయలకు డబ్బా కొనితెచ్చెను. నేను ఆ బాలికను రక్తపరీక్షకు పంపితిని. హిమోగ్లోబిను 8.6 గ్రాములు, స్త్రీలకు 12 ఉండవలయును. డబ్బాపై అచ్చువేసిన పట్టికను చదివితిమి. పదునెనిమిది పదార్థములున్నవి, అందు ఇనుము లేదు. వైద్యురాలు ఇచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఉచితముగా లభించినవి. (ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లే పరిశోధకవర్గమునకు నాయకుడు మరల మన సుబ్బారావుగారే.) నాలుగు నెలలకు ఆమె రక్తము కోలుకొన్నది, పరుగును కోలుకొన్నది. ఆ యేటి ఎంపికలో పరుగు నెగ్గి, వ్రాతపరీక్షలో కొద్ది మార్కులతో తప్పినది. నేడు ఈ సభలోనే యున్నది. పేరు చెప్పుటకు ఆమె ఒప్పుకొనలేదు.

ఒక్కరి కథ రుజువు కాదని నేనే యంటిని. నిజమే. కాని రక్తహీనత గలవారికి ఇనుమిచ్చినచో ఓర్పు పెరుగుననుట ఎన్నో పరీక్షలలో నిలిచిన సత్యము. లోపము లేనివానికి ఇనుమిచ్చుటవలన పరుగు పెరుగదు. మీదుమిక్కిలి అధికమైన ఇనుము కాలేయములో చేరి కీడు చేయును. కావున పరీక్ష ముందు, మాత్ర తరువాత. అన్నము తినినవెంటనే తేనీరు త్రాగినచో ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసము పిండుకొనినచో ఎక్కువగా ఒంటబట్టును. శాకాహారులకు బి12, నీడపట్టున నుండువారికి డి విటమిను విషయములో కూడ ఇదే క్రమము.

లేనివానికి మేలు చేయునది ఉన్నవానికి కీడు చేయుననుటకు సి, ఇ విటమినులు మంచి యుదాహరణము. సాధనవలన కండరములలో పుట్టు కొన్ని తీక్ష్ణపదార్థములను అణచుట మంచిదని తలచి పరుగువారు పెద్ద మోతాదులలో ఈ మాత్రలు మ్రింగుచుండిరి. 2014లో నార్వే దేశమున 54 మందిని పదునొకండు వారములు పరీక్షించిరి. దినమునకు వెయ్యి మిల్లిగ్రాముల సి విటమినును, దానితో ఇ విటమినును పుచ్చుకొన్నవారి కండరములలో, సాధనవలన కలుగవలసిన మార్పులు కొన్ని మందగించెను. పరుగుశక్తిలో తేడా కనబడలేదుగాని, ఆ తీక్ష్ణపదార్థములే కండరమునకు పాఠము చెప్పు గురువులని అర్థమైనది. గురువుగారి నోరు మూయించుటకు డబ్బు చెల్లించుట యెందుకు? ఐతే న్యాయముగా మరియొక మాట చెప్పవలయును. మారథాన్ పరుగువారు, మంచు ప్రదేశములలో శ్రమించు సైనికులు మొదలగు 598 మందిపై జరిగిన ఐదు పరీక్షలను 2013లో కలిపి చూడగా, సి విటమినువలన వారికి జలుబు సగమునకు తగ్గెను. సామాన్యులలో ఆ ఫలితము లేదు. కఠోర శ్రమ చేయువాడు ఉసిరి, జామ తినుటకు నాకేమియు అభ్యంతరము లేదు.

చివరగా డబ్బాలోపల నుండునదేమి యను సంగతి. 2000–2001 సంవత్సరములలో 13 దేశములలో కొనిన 634 సరకులను జర్మనీలోని కొలోన్ నగరమున పరీక్షింపగా, 94 సరకులలో పైకి వ్రాయని, హార్మోనులకు సంబంధించిన నిషిద్ధ పదార్థములు దొరికినవి. మన దేశమున అమ్ముడుపోవు 36 ప్రొటీను పొడులను పరీక్షించి 2024లో ప్రకటించిన ఫలితములలో, నూటికి డెబ్బది సరకులపై వ్రాసిన మాంసకృత్తుల లెక్క సరికాదని తేలెను. కొన్నింట బూజువిషము కూడ కనబడెను. రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి పోటీలకు పోయి క్రీడల కోటాలో ఉద్యోగము ఆశించువారు దీనిని మరువరాదు. శరీరములో నిషిద్ధ పదార్థము దొరికినచో, "నాకు తెలియదు, డబ్బాలో నున్నది" అను మాట నేరమును తొలగింపదు. క్రీడాకారుడే బాధ్యుడు.

కార్యదర్శిగారితోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారితోను మాటలాడితిని. వచ్చు ఆదివారము ఉదయము ఏడుగంటలకు, పరుగు ముగిసిన తరువాత, ఇదే మందిరములో కాలువగట్టు పిల్లలందరికి హిమోగ్లోబిను పరీక్ష చేయుటకు వారు అంగీకరించిరి. రుసుము లేదు. ఇంటిలో డబ్బాలున్నవారు వాటినికూడ తీసికొనిరండు. పట్టికలు కలిసి చదువుదము.